తెరవని ఫైలు

జూలై 3, గురువారం. తెనాలి

రేపల్లెలో నెట్ సరిగ్గా రావడం లేదు. అందుకే వచ్చాను. ఫిరోజ్‌కి అదే చెప్పాను, అమ్మీకి అదే చెప్పాను, ఇక్కడా అదే రాస్తున్నాను.

అమ్మీ ఏమీ అడగలేదు. నా బ్యాగు ఒకసారి చేత్తో ఎత్తి చూసి, "నెట్ కోసం ఇన్ని బట్టలు తెచ్చుకున్నావా?" అని మాత్రం అంది. తన గాజుల కొట్లో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

మంగళవారం బట్టలు నానబెడుతూ ఫిరోజ్ చొక్కా జేబు చూశాను. ఎప్పుడూ చూస్తాను. జేబులో పూసలో, జరీ ముక్కలో ఉంటాయి. మగ్గం వర్క్ చేసేవాడి చొక్కా అలా ఉతికితే మిగతా బట్టలన్నీ పాడవుతాయి. ఈసారి ల్యాబ్ చీటీ ఉంది. ఎస్. ఫిరోజ్, 33, పురుషుడు. కింద ఒక నంబరు. రిపోర్టును మా వెబ్‌సైట్‌లో చూసుకోగలరు అని రాసి ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

నా చేతిలోంచి లాక్కున్నాడు. పెళ్ళయి ఐదేళ్ళయింది. ఇంతవరకు నా చేతిలోంచి దేన్నీ లాక్కోలేదు.

"ఏం లేదు. చెకప్. ఊరికే."

"ఊరికే ఎవరైనా రక్తం ఇస్తారా?"

"నీ పని నువ్వు చూసుకో సైదా."

సరే, నా పని నేను చూసుకుందామనే వచ్చాను.

నెల రోజులుగా మనిషి మారాడు. తెల్లవారుజాము నమాజుకి వెళ్ళినవాడు ఎనిమిదింటికి గానీ రాడు. నేను పెట్టిన టీ సగం తాగి వదిలేస్తాడు. సేమియా చేస్తే వేలితో కూడా ముట్టుకోలేదు. నాకు చెప్పనిది ఏదో ఉంది. అది జబ్బో, మనిషో తెలియదు. రెండింట్లో ఏదైతే నయమో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

జూలై 4

ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఇక్కడ నెట్ చాలా బాగుంది.

జూలై 6, ఆదివారం

బ్యాగు అడుగున ఒక ఆకుపచ్చ పూస దొరికింది. మా ఇంట్లో పూసలు అన్నంలో కూడా వస్తాయి. ఒకసారి ఫిరోజ్ మోచేతికి అంటుకున్న పూస చూడకుండా షాదీలో అందరి మధ్యా కూర్చున్నాడు. నేను సైగ చేస్తే ఇంకోటి తీసి రెండో మోచేతికి పెట్టుకున్నాడు. జత కుదరాలట.

రాసుకోవడానికి ఇంకేం లేదు కాబట్టి రాశాను.

జూలై 7, సోమవారం

సాయి సుధ గారు కొత్త ప్రాజెక్టు ఇచ్చారు. హైదరాబాదు ఆఫీసులో మా టీమ్‌కి పెద్ద ఆవిడే.

"మీ ప్రాంతం వాళ్ళే సైదా. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు చోట్లా బ్రాంచీలున్న ల్యాబ్. పేషెంట్లు లాగిన్ అయి రిపోర్టులు చూసుకునే సైట్. కొత్త వెర్షన్ వదిలే ముందు భద్రంగా ఉందో లేదో చూడమన్నారు."

ల్యాబ్ పేరు చెప్పారు. అదే ల్యాబ్.

ప్రతి ప్రాజెక్టుకీ అడిగే ప్రశ్న అడిగారు. "ఈ క్లయింటుతో నీకేమైనా సంబంధం ఉందా?"

"లేదండి" అన్నాను.

అబద్ధం కాదు. ల్యాబ్‌తో నాకు సంబంధం లేదు.

జూలై 8

స్క్రిప్టు మొదలుపెట్టాను. అమ్మీ మధ్యాహ్నం కొట్టు మూసి, నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏంటే ఇది? అంతా నల్లగా ఉంది. కంప్యూటర్ పాడైందా?"

"లేదమ్మీ. పని జరుగుతోంది. తెర లేని బ్రౌజరు ఇది. మనకి కనబడదు. లోపల అదే సైట్ తెరుస్తుంది, ఫోన్ నంబరు కొడుతుంది, ఓటీపీ కొడుతుంది, బటన్ నొక్కుతుంది. మనిషి చేసేదంతా చేస్తుంది."

"మరి నువ్వేం చేస్తున్నట్టు?"

"ఏం చేయాలో ముందే రాసిపెడతాను. మొదట ఇది తెరువు, తర్వాత అది నొక్కు, రెండు క్షణాలు ఆగు, వచ్చింది ఫోటో తీసి దాచు. నేను నొక్కితే రోజుకి వంద సార్లు. ఇది పది వేల సార్లు నొక్కుతుంది. ఎక్కడో ఒక చోట గడియ పడలేదని తేలుతుంది."

"ఊళ్ళోవాళ్ళ తలుపులు తోసి చూడ్డం ఉద్యోగమా?"

"ఇంటివాళ్ళే పిలిచి చూడమన్నారమ్మీ."

"తలుపు తెరుచుకుంటే?"

"తెరుచుకుందని చెప్పి వచ్చేయాలి."

"లోపల చూడకూడదా?"

"కూడదు."

"నీ వల్ల అవుతుందా? చిన్నప్పుడు సేమియా డబ్బా మూత పెట్టనిచ్చేదానివి కాదు" అని నా జడ లాగి వెళ్ళిపోయింది.

జూలై 9

ఆ చీటీ మీది నంబరు నాకు గుర్తులేదు. ఒక్క చూపు చూశాను, అంతే. చివర 4417 అని మాత్రం. ముందు రేపల్లెకి మూడక్షరాలు, మధ్యలో సంవత్సరం. అవి అందరికీ ఒకటే.

జూలై 10, గురువారం

గడియ పడలేదు.

పరీక్ష కోసం వాళ్ళు నాకు ఇద్దరు ఉత్తుత్తి పేషెంట్లను ఇచ్చారు. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు. స్క్రిప్టు టెస్ట్ ఒకటిగా లాగిన్ అయింది. తన రిపోర్టు తెరిచింది. తర్వాత పైన అడ్రసులో నంబరు మార్చి, టెస్ట్ రెండు రిపోర్టు అడిగింది. సైటు ఇచ్చేసింది. నువ్వెవరు అని అడగలేదు. అంటే ఒక్కసారి లాగిన్ అయినవాడు ఎవరి నంబరు కొడితే వాళ్ళ రిపోర్టు వస్తుంది.

నాకు ఇలాంటిది దొరికితే సంతోషంగా ఉంటుంది. లేచి ఇంట్లో ఒక చుట్టు తిరిగి వస్తాను. ఫిరోజ్ దాన్ని "సైదా ఊరేగింపు" అంటాడు. ఈ రోజు కూర్చున్నచోటే ఉండిపోయాను.

ఇంకొకటి కూడా తేలింది. ఇది పరీక్షకి ఇచ్చిన కాపీ. ఇందులో ఉత్తుత్తి పేర్లే ఉండాలి. పక్క జాబితాలో పేర్లు కనబడ్డాయి. బాబూరావు, దుర్గాంబ, ఫ్లోరెన్స్. అసలు మనుషులు. నిజం రికార్డులే కాపీ చేసి ఇచ్చేశారు.

వెంటనే కళ్ళు తిప్పుకున్నాను. పేర్లు మూడే చూశాను.

జూలై 11

సాయి సుధ గారికి లోపం సంగతి చెప్పాను. అసలు పేర్లున్నాయనీ చెప్పాను. "మంచి పని చేశావు. ఆ రెండు టెస్ట్ నంబర్లతోనే నిరూపించు. మూడోది ముట్టుకోకు" అన్నారు.

తెలుసు. ఆరేళ్ళుగా ఇదే పని.

జూలై 13, ఆదివారం

ఫిరోజ్ వచ్చాడు.

జరీ దారం కొనడానికి తెనాలి వచ్చాడట. జరీ గుంటూరులో కొంటాడు. ఆ మాట నేను అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వాటిని జతగా సర్ది, మళ్ళీ సర్దాడు.

"నెట్ ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"ఇంటికి నెట్ వాళ్ళని పిలిపించి వైరు మార్పించాను. ఇప్పుడు బాగా వస్తోంది."

"ప్రాజెక్టు మధ్యలో ఉందండీ."

అమ్మీ సొరకాయ ఖీర్ చేసింది. అల్లుడికి ఇష్టమని యాలకులు ఎక్కువేసి, గిన్నె నిండా పెట్టింది. ఫిరోజ్ గిన్నె వైపు చూసి, అమ్మీ వైపు చూసి, "కడుపు బాగోలేదు అమ్మీ" అని పక్కన పెట్టాడు. అమ్మీ ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది.

"మా ఇంట్లో చేసింది తినలేకపోతే రావడం ఎందుకు?" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. లేచాడు. చిక్కాడు. చొక్కా భుజం దగ్గర జారుతోంది. వెళ్తూ వెళ్తూ అమ్మీకి ఒక కాగితం పొట్లం ఇచ్చాడు. కొత్త జాకెట్టు, చేతులకి సన్నటి తీగ వర్క్. అది కుట్టడానికి పదిహేను రోజులు పడుతుంది. అంటే నేను రాకముందే మొదలుపెట్టాడు.

"దారం కొన్నారా?" అన్నాను వీధిలోకి వచ్చి.

"ఏం దారం?" అన్నాడు.

జూలై 14, సోమవారం

చిక్కాడు. అదొక్కటే తిరుగుతోంది తలలో. మా నాన్న పోయే ముందు ఇలాగే చిక్కారు. మాకెవ్వరికీ చెప్పలేదు. తెలిసేసరికి నెల రోజులు మిగిలాయి.

పదకొండున్నరకి స్క్రిప్టులో రెండు నంబర్ల పక్కన మూడోది రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. నడవమన్నాను.

తెర మీద ఏమీ రాదు కదా. నల్లటి గడిలో ఒకటి, రెండు, మూడు అని మూడు పంక్తులు వచ్చాయి. పూర్తయింది. మూడు ఫైళ్ళు దాచబడ్డాయి. మూడోది రెండు పేజీలు.

రెండు పేజీలంటే ఎక్కువా, తక్కువా?

జూలై 15

ఫైలు ఉంది. తెరవలేదు.

అమ్మీ అన్నం దగ్గర, "అల్లుడితో మాట్లాడావా?" అంది. "ఆఁ" అన్నాను.

ఫైలు ఉంది. తెరవలేదు. తెరవనంతవరకు చూసినట్టు కాదు.

జూలై 16, బుధవారం

ఈ రోజు రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. మా రిపోర్టులో ఒక గడి ఉంటుంది. ఈ లోపాన్ని ఎవరు దుర్వినియోగం చేయవచ్చు? ఎప్పుడూ రాసేవే రాశాను. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు, బీమా అమ్మేవాళ్ళు, బెదిరించేవాళ్ళు. తర్వాత చేయి దానంతటదే రాసింది: ఇంట్లో అనుమానం ఉన్న మనిషి.

చాలాసేపు దానివైపే చూశాను.

కింద ఇంకో గడి. నిరూపణ కోసం ఎన్ని రికార్డులు తెరిచారు? అక్కడ రెండు అని రాయలేకపోయాను.

సాయి సుధ గారికి ఫోన్ చేశాను. మొదటి నుంచీ చెప్పాను. చీటీ, నంబరు, సంబంధం లేదన్న మాట, సోమవారం పని, అన్నీ. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"చూశావా?"

"లేదండి. ఫైలు వచ్చింది. తెరవలేదు."

"నేనెలా నమ్మను?"

"నమ్మమని అడగడం లేదండి."

ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "సంబంధం ఉందని ఆ రోజే చెప్పుంటే వేరేవాళ్ళకి ఇచ్చేదాన్ని. ఒక్క మాటతో అయిపోయేది. నీ స్క్రీను షేర్ చెయ్."

ఆవిడ చూస్తుండగా ఆ ఫైలు శాశ్వతంగా చెరిపేశాను. చెరిపేటప్పుడు, అందులో ఉన్నది ఇక ఎప్పటికీ తెలియదేమో అనిపించింది. సిగ్గు పడాల్సిన చోట కూడా నాకు దాని మీదే దిగులు.

"నువ్వు ప్రాజెక్టులో లేవు ఇక. ఆఫీసువాళ్ళు ఏం చేస్తారో నా చేతుల్లో లేదు" అన్నారు. "రేపు బాపట్ల వెళ్ళు. ల్యాబ్ నడిపే హైమావతి గారికి నీ నోటితోనే చెప్పు. ఒక పేషెంటు రికార్డు తెరిచాం కాబట్టి ఆవిడ అతనికి ఫోన్ చేసి చెప్పాలి. అది పద్ధతి."

"అతను మా ఆయనే కదండీ."

"అందుకే. ఆవిడ కంటే ముందు నువ్వు చెప్పు సైదా."

జూలై 17. బాపట్ల నుంచి తిరుగు రైల్లో

హైమావతి గారికి యాభై దాటి ఉంటాయి. పేరుకి యజమాని, ఇప్పటికీ తెల్లకోటు వేసుకుని రక్తం తీస్తారు. నేను వెళ్ళేసరికి ఒక ముసలాయన చేయి పట్టుకుని, "ఎంతమంది మనవలు మీకు?" అని అడుగుతూ, ఆయన లెక్క చెప్పేలోపు తీసేశారు.

లోపలి గదిలో అంతా చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది.

"మిమ్మల్ని నమ్మి పిలిస్తే మీరే చూస్తారా అమ్మా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో చెప్పకుండా వస్తారు. పక్కింటివాళ్ళు చూస్తారని తల మీద కొంగు కప్పుకుని వస్తారు."

"తప్పేనండి."

కాసేపటికి ఆవిడే, "ఆ కాపీలో అసలు పేర్లు పెట్టింది మా వాళ్ళే. తేలిక అవుతుందని నేనే సరేనన్నాను" అన్నారు. నీళ్ళు తాగమని గ్లాసు జరిపారు.

తర్వాత కంప్యూటర్లో ఆ నంబరు కొట్టి చూశారు. ఆవిడ ముందే ఫిరోజ్ రిపోర్టు ఉంది. ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోతుంది. చూడాలని ఎంత అనిపించిందో. తల దించుకుని గ్లాసులో నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

"రేపు సాయంత్రం ఐదింటికి ఆయనకి ఫోన్ చేస్తాను" అన్నారు. "ఈలోగా మీ ఇద్దరి మాట మీరు చూసుకోండి."

గుమ్మం దాటుతుంటే పిలిచి, "తొందరగానే చూసుకోండి" అన్నారు.

ఆ చివరి మాట ఎందుకన్నారు? పొన్నూరు దాటేవరకు అదే.

జూలై 18, శుక్రవారం. రేపల్లె

ఉదయం ప్యాసింజరు ఎక్కాను. అమ్మీకి వెళ్తున్నానంటే, "నెట్ బాగుపడిందా?" అని నవ్వింది. వేమూరు దగ్గర ఎలా మొదలుపెట్టాలో అనుకున్నాను. భట్టిప్రోలు దగ్గర మార్చుకున్నాను. ఇంటి ముందు ఆటో దిగేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

ముందు గదిలో మగ్గం దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఎర్ర పట్టు బిగించి ఉంది. నన్ను చూసి సూది గుడ్డలోనే ఆపాడు.

"కూర్చో" అన్నాడు. "టీ పెడతాను."

"వద్దండీ. ముందు నేను చెప్పాలి."

నిలబడే చెప్పాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పాను. అయిపోయాక వీధిలో కూరగాయల బండివాడు రెండుసార్లు అరిచాడు. ఫిరోజ్ సూది గుడ్డలోంచి తీసి పక్కన పెట్టాడు.

"చూశావా?"

"లేదు."

"చేతిలో పెట్టుకుని ఎందుకు చూడలేదు?"

"మీరు లాక్కున్నారు కదా."

ముఖం ఎర్రబడింది. "నన్ను అడగొచ్చుగా!"

"అడిగాను."

"మళ్ళీ అడగాల్సింది! ఒక్కసారి అడిగి ఊరుకుంటావా? కంప్యూటర్నైతే పది వేల సార్లు అడుగుతావు!"

నాకు ఏడుపొచ్చింది. అతనికీ వచ్చింది. లేచి, జరీ డబ్బా అడుగు నుంచి మడత పెట్టిన రెండు కాగితాలు తీసి నా ముందు పట్టుకున్నాడు. తీసుకోలేదు.

"మీరే చెప్పండి."

కాగితాలు మగ్గం మీద పెట్టాడు. దారం లేని చోట ఏదో దారం సర్దుతున్నట్టు చేశాడు.

"షుగర్" అన్నాడు. "మూడు వందల పది."

క్యాన్సరో, గుండె జబ్బో, ఇంకో మనిషో, పదిహేను రోజులు ఏవేవో అనుకున్నాను. షుగరా! మా వీధిలో ఇంటికొకరికి ఉంది. నవ్వు రాబోయింది. అతని ముఖం చూసి ఆగిపోయాను.

"అబ్బాకి ముప్పై ఆరుకి వచ్చింది. నాకింకా మూడేళ్ళ ముందే వచ్చింది" అన్నాడు.

మామయ్యను నేను చూడలేదు. పెళ్ళికి ఆరేళ్ళ ముందే పోయారు. ఫోటోలో కర్రలు పట్టుకుని ఉంటారు. ఒక కాలు మోకాలి కిందివరకే. అది షుగర్ వల్లేనని తెలుసు. అంతే తెలుసు.

"మొదట బొటనవేలు తీశారు" అన్నాడు. "తర్వాత పాదం. నాకు పంతొమ్మిదేళ్ళు. రోజూ కట్టు నేనే మార్చేవాణ్ణి. అమ్మ చేయలేకపోయేది. ఆ వాసన చేతులకి పట్టి ఎంత కడిగినా పోయేది కాదు. పట్టు గుడ్డ ముట్టుకోవాలంటే భయమేసేది. రేపు నువ్వు నాకు అలా చేయాల్సొస్తే? నీ చేతులకి ఆ వాసన రాకూడదు సైదా. అందుకే ముందు తగ్గించేసుకుని, తర్వాత చెబుదామనుకున్నాను."

"ఎలా తగ్గిస్తున్నారు?"

"నడుస్తున్నాను. తీపి మానేశాను."

"డాక్టరు?"

మగ్గం మీది పూసలు ఏరసాగాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

"వెళ్తే ఇంజెక్షన్ అంటాడని..."

పొద్దస్తమానం సూది పట్టుకునే మనిషి! భుజం మీద కొట్టాను. ఇంకోటి కొట్టాను. మూడోసారి అతను నా చేయి పట్టుకుని, వదల్లేదు. అమ్మీ ఇచ్చిన ఖీర్ గిన్నె అతను పక్కన పెట్టినప్పుడు నేనన్న మాట గుర్తొచ్చి, ఆ చేతిలోనే ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఐదింటికి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. హైమావతి గారు కాగితం చూసి చదువుతున్నట్టుగా అంతా చెప్పారు. ఫిర్యాదు చేసే హక్కు ఉందన్నారు.

"చెప్పిందండి. పొద్దుటే చెప్పింది" అన్నాడు ఫిరోజ్. "ఫిర్యాదేం లేదండి. ఒక్క మాట రాసుకోండి మేడం. ఆవిడ చూడలేదండి. నిజంగా చూడలేదు."

"నిన్న నా ముఖం కూడా చూడలేదు బాబూ" అన్నారావిడ. "డాక్టరు దగ్గరికి వెళ్ళారా మీరు?"

ఫిరోజ్ నా వైపు చూశాడు.

"రేపు తీసుకెళ్తానండి" అన్నాను.

జూలై 19

వెళ్ళాం. మాత్రలు రెండు, పొద్దునొకటి సాయంత్రమొకటి. మూడు నెలలు చూద్దామన్నారు. పాదాలు రోజూ చూసుకోమన్నారు. కళ్ళు పరీక్ష చేయించమన్నారు. ఇంజెక్షన్ మాట ఎత్తలేదు. ఫిరోజ్ బయటికొచ్చి డాక్టరు చాలా మంచివాడన్నాడు.

జూలై 21, సోమవారం

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు క్లయింటు పనులకి దూరం. లోపల శిక్షణకి వాడే సైటుకి స్క్రిప్టులు రాయాలి. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఉద్యోగం ఉండదు. చదివి ఫిరోజ్‌కి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. "నా వల్ల" అన్నాడు. "కాదు, నా వల్ల" అన్నాను. అది నిజం. ఇక్కడైనా నిజం రాయాలి కదా. నెట్ గురించి రాసిందంతా అబద్ధం.

ల్యాబ్ సైటు సరిచేశారట. కొత్త కాపీలో ఉత్తుత్తి పేర్లే ఉన్నాయని సాయి సుధ గారు చెప్పారు. హైమావతి గారే కూర్చుని పెట్టారట. పేషెంటు పేరు వంకాయ, వయసు తొమ్మిది.

జూలై 22

అమ్మీ ఫోన్ చేసింది. విషయం చెబితే, "అయితే నా ఖీర్ బాగోలేదని కాదన్నమాట" అంది. ఆ తర్వాత ఏడ్చింది.

జూలై 24, గురువారం

చక్కెర చూసుకునే మిషను కొన్నాం. పరగడుపున వేలు గుచ్చాలి. ఫిరోజ్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏ వేలు?" అన్నాను.

"కుడిచేయి వద్దు. సూది దాంతోనే."

"ఎడమ చూపుడు వేలు?"

"కింద దారం దాంతోనే అందిస్తాను."

"ఉంగరం వేలు?"

"అది దారం బిగించి పట్టుకుంటుంది."

"చిటికెన వేలు?"

ఆలోచించాడు. దానికి ఏ పనీ దొరకలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమచేయి చాపాడు. "చెప్పకుండా గుచ్చెయ్."

"చెప్పే గుచ్చుతాను. చూడండి."

"చూడను."

"ఫిరోజ్."

నేను పేరు పెట్టి పిలవడం తక్కువ. ఒక కన్ను తెరిచాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి గుచ్చాను. రక్తం చుక్క ఎర్రగా, చిన్నగా వచ్చింది. మిషను అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంటుంటే ఇద్దరం ఒకేసారి దాని మీదకి వంగాం. తలలు గుద్దుకున్నాయి.

నూట అరవై ఎనిమిది.